సౌండ్: ఒకే రూపంలో నాలుగు మాటలు

ఇంట్లో టీవీ గట్టిగా మోగుతుంటే "కాస్త సౌండ్ తగ్గించు" అంటాం. పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకుంటూ "అబ్బాయి వాళ్లు బాగా సౌండ్ పార్టీ" అంటాం. పదో తరగతి పిల్లవాణ్ణి గురించి "లెక్కల్లో సౌండే గాని సోషల్‌లో వెనకబడ్డాడు" అంటాం. ఇంగ్లీషు చదువుకున్నవారూ చదువుకోనివారూ కూడా ఈ మూడు వాక్యాలను తడుముకోకుండా వాడతారు. మొదటి వాక్యంలో సౌండ్ అంటే చప్పుడు. రెండోదానిలో డబ్బున్నవాళ్లు అని, మూడోదానిలో గట్టి పట్టు ఉన్నవాడని అర్థం. చప్పుడుకూ డబ్బుకూ ఏమిటి సంబంధం? ఈ ప్రశ్న నేను తరగతిలో అడిగినప్పుడు ఒక విద్యార్థి "రూపాయల గలగల, సార్" అన్నాడు. చక్కని ఊహే, కాని నిజం కాదు. ఆ రెండు సౌండ్లకూ పుట్టుకలో ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లీషులో ఎస్-ఓ-యు-ఎన్-డి అనే అయిదు అక్షరాల కింద నాలుగు వేర్వేరు మాటలు కాపురం ఉంటున్నాయి. ఈ పాఠంలో వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, అవి ఎక్కడినుంచి వచ్చాయో, ఒకే రూపంలోకి ఎలా చేరాయో చూద్దాం.

ఇది కేవలం కుతూహలం కోసం చెప్పుకునే విషయం కాదు. కొన్నేళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం తరగతి ముగిశాక ఒక విద్యార్థిని ఆగి, మడతపెట్టిన కాగితం ఒకటి తీసి చూపించింది. అది వాళ్ల తాతగారి వీలునామా నకలు, ఇంగ్లీషులో ఉంది. ఆస్తి పంపకంలో తగాదా నడుస్తోంది. ఆమె మొదటి వాక్యాన్ని ఫోనులో అనువాదానికి పెడితే "ధ్వని మనస్సుతో రాస్తున్నాను" అని వచ్చిందట. "సార్, మా తాతయ్యకు మనసులో ఏవో శబ్దాలు వినిపించేవని రాశారా? అలా ఐతే ఈ వీలునామా చెల్లదేమోనని మా పెదనాన్న అంటున్నారు" అంది. ఆమె భయం చూసి నాకు నవ్వు రాలేదు. "లేదమ్మా, సరిగ్గా దానికి తిరగేసిన మాట అది. మనసు నిక్షేపంగా ఉండగా రాశానని తాతగారు చెప్పుకున్నారు" అన్నాను. ఆ అమ్మాయికి ఇంగ్లీషు రాక జరిగిన పొరపాటు కాదది. ఒక పదానికి ఒక అర్థమే మొదట నేర్పి, మిగిలినవి ఎక్కడో దొరుకుతాయిలే అని మేం వదిలేసినందువల్ల జరిగిన పొరపాటు.

నానార్థాల్లో రెండు రకాలు

మీరు పాఠశాలలో నానార్థాలు నేర్చుకున్నారు. అమరకోశం మూడో కాండలో నానార్థ వర్గం అని ఒక భాగమే ఉంది. అయితే మన పరీక్షల్లో నానార్థాలు అడిగేటప్పుడు రెండు వేర్వేరు సంగతులను ఒకే గాటన కడుతుంటాం. వాటిని విడదీయకపోతే ఈ పాఠం ముందుకు సాగదు.

తెలుగులో "కన్ను" అనే మాట తీసుకోండి. మనిషికి కన్ను ఉంది. నెమలి పింఛానికి కన్ను ఉంది. కొబ్బరికాయకు మూడు కళ్లు ఉన్నాయి. వలకు కళ్లు ఉన్నాయి. ఇవన్నీ ఒకే మాట. ముఖం మీది కన్నును చూసిన మనిషి, దాని ఆకారం మరోచోట కనబడగానే అదే పేరు పెట్టాడు. అర్థం ఒక చోట పుట్టి కొమ్మలు వేసింది. దీన్ని అనేకార్థకత అంటారు.

ఇప్పుడు "పాలు" చూడండి. ఆవు ఇచ్చేవి పాలు. "ఆస్తిలో నా పాలు నాకు ఇవ్వండి" అన్నప్పుడు పాలు అంటే వాటా. వీటి మధ్య ఎంత లాగినా చుట్టరికం కలవదు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో ఇవి రెండు వేర్వేరు ఆరోపాలు. రెండు వేరు మాటలు, పలకడంలో ఒకటిగా కనబడుతున్నాయి. వీటిని సమరూప పదాలు అంటారు.

సౌండ్ విషయంలో ఈ రెండూ కలిసి ఉన్నాయి. నాలుగు సమరూప పదాలు, వాటిలో ప్రతిదానికీ మళ్లీ కొన్ని అర్థాలు. అందుకే నిఘంటువులో ఆ పుట చూస్తే గుండె గుభేలుమంటుంది. వేళ్లు తెలిస్తే భయం పోతుంది.

వినిపించే సౌండ్

అందరికీ తెలిసిన సౌండ్ లాటిన్ బిడ్డ. లాటిన్‌లో సోనుస్ అంటే ధ్వని. అది ఫ్రెంచిలో సోన్ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రాజుగారి కొలువులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచి రాజ్యమేలింది. ఆ వరసలో ఇంగ్లీషులోకి వచ్చిన వేల మాటల్లో ఇదీ ఒకటి. 14వ శతాబ్దపు కవి ఛాసర్ దీన్ని "సూన్" అనే రూపంలో వాడాడు. చివర "డ్" లేదు.

మరి డ్ ఎక్కడినుంచి వచ్చింది? ఇది మీరు ఇప్పుడే, కూర్చున్నచోటే పరీక్షించి చూడవచ్చు. "సూన్" అని పలికి, న్ దగ్గర ఆగండి. నాలుక కొన పై పళ్ల వెనక చిగురుకు ఆనుకుని ఉంటుంది, గాలి ముక్కులోంచి పోతుంటుంది. ఆ స్థితిలో ముక్కు దారి ఒక్క క్షణం ముందుగా మూసుకుని, ఆ తర్వాత నాలుక విడివడితే వినిపించేది డ్. అంటే ఎవరూ పనిగట్టుకుని చేర్చిన అక్షరం కాదది. నోటి అవయవాలు తమ పనులు కాస్త ముందువెనకలుగా చేయడంవల్ల పుట్టిన హల్లు. ఇంగ్లీషులో థండర్ అనే మాటలోని డ్ కూడా ఇలా వచ్చిందే. పాత ఇంగ్లీషులో అది "థునోర్". జర్మన్‌లో ఇప్పటికీ "డోనర్", నడుమ డ్ లేదు. ఇలాంటిది మన దేశంలోనూ జరిగింది. సంస్కృతంలో ఆమ్రం అంటే మామిడి. మ్ పక్కన ర్ పలికేటప్పుడు మధ్యలో బ్ పుట్టింది. ప్రాకృతంలో అది అంబ, మరాఠీలో ఆంబా. తామ్రం హిందీలో తాంబా అయింది. పెదవులతో పలికే మ్ పెదవులతో పలికే బ్‌ను పుట్టించింది, నాలుక కొనతో పలికే న్ నాలుక కొనతో పలికే డ్‌ను పుట్టించింది. నియమం ఒకటే.

ఈ సోనుస్‌కు సంస్కృతంలో ఒక అక్కచెల్లెలు ఉంది. దాని పేరు స్వనం. మీరు భాషాశాస్త్రం ఐచ్ఛికంగా తీసుకుని ఉంటే స్వనం, స్వనిమం అనే పారిభాషిక పదాలు రోజూ చూస్తుంటారు. లాటిన్‌లో ఒ ముందున్న వకారం జారిపోయింది, సంస్కృతంలో నిలిచింది. అంతే తేడా. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి పోలిక కనబడగానే "లాటిన్ వాళ్లు మన దగ్గరినుంచి ఎత్తుకుపోయారు" అని రాసేవారు ఉన్నారు. పరీక్షలో అలా రాయకండి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పినట్టు సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంనుంచి వచ్చిన భాషలు. అక్క దగ్గర చెల్లెలు ముక్కు అప్పు తెచ్చుకోదు కదా, ఇద్దరికీ తల్లి పోలిక వచ్చింది. తెలుగు ఆ కుటుంబానికి చెందదు, ద్రావిడ కుటుంబానిది. మనకు స్వనం సంస్కృతంనుంచి తత్సమంగా వచ్చింది. మన సొంత మాటలు చప్పుడు, సవ్వడి, సడి, మోత.

ఈ మొదటి సౌండ్ కుటుంబం పెద్దది గాని, అర్థాలు పెద్దగా తికమక పెట్టవు. సోనిక్, రెజొనెన్స్, అల్ట్రాసౌండ్ అన్నీ ధ్వని చుట్టూ తిరిగేవే. సాహిత్య విద్యార్థులు చదివే సానెట్ కూడా "చిన్న పాట" అనే అర్థంలో ఇక్కడినుంచే వచ్చింది. కాన్సొనెంట్ అంటే మరొక ధ్వనితో కలిసి పలికేది, అంటే హల్లు. అచ్చు సాయం లేకుండా హల్లు నిలబడదన్న భావం మన వ్యాకరణాల్లోనూ ఉన్నదే.

నిక్షేపమైన సౌండ్

వీలునామాలోని సౌండ్ ఇది. సౌండ్ పార్టీలోని సౌండ్ కూడా ఇదే. నా దృష్టిలో నాలుగింటిలో డిగ్రీ విద్యార్థికి అన్నిటికన్నా అవసరమైనది ఈ మాటే. ఆర్థిక శాస్త్రం, వాణిజ్యం, తర్కం, న్యాయం ఏ పుస్తకం తెరిచినా ఎదురవుతుంది.

దీని పాత ఇంగ్లీషు రూపం "గెసున్డ్", అర్థం ఆరోగ్యంగా, క్షేమంగా ఉన్న. ముందున్న గె కాలక్రమంలో అరిగిపోయింది. జర్మన్ భాషలో గెసున్డ్ అంటే ఈనాటికీ ఆరోగ్యవంతుడు. ఎవరైనా తుమ్మితే జర్మన్లు "గెసున్డ్‌హైట్" అంటారు. మనం పిల్లలు తుమ్మితే "చిరంజీవ" అన్నట్టే అది. "సేఫ్ అండ్ సౌండ్" అనే జంటమాటలో పాత అర్థం అలాగే నిలిచి ఉంది. తెలుగులో "క్షేమంగా చేరాం" అంటాం, సరిగ్గా అదే.

ఆరోగ్యం అనే ఈ మొదటి అర్థంనుంచి మిగిలినవి ఎలా కొమ్మలు వేశాయో గమనించండి. దేహానికి రోగం లేకపోతే సౌండ్. ఆ తర్వాత దూలానికి చెద లేకపోయినా, పండుకు పుచ్చు లేకపోయినా, ఇంటి పునాదికి పగులు లేకపోయినా సౌండ్. వ్యాపారానికి అప్పుల చెద లేకపోతే అదీ సౌండ్. బ్యాంకు సౌండ్‌గా ఉంది అంటే లోపల పుచ్చు లేదని. అక్కడినుంచే మన సౌండ్ పార్టీ వచ్చింది. తెలుగులో ఆ మాట కొంచెం జరిగింది. ఇంగ్లీషులో ఆర్థికంగా సౌండ్ అంటే కూలిపోని స్థితిలో ఉండటం మాత్రమే, మనం దాన్ని ఏకంగా సంపన్నుడు అనే అర్థంలో వాడుతున్నాం.

నిద్రకు వర్తిస్తే, మధ్యలో చెదరని గాఢ నిద్ర. దెబ్బలకు వర్తిస్తే, బాగా తగిలిన దెబ్బలు. ఆరోగ్యానికీ దెబ్బలకూ సంబంధం ఏమిటని ఆశ్చర్యపోవద్దు. మనం "శుభ్రంగా నాలుగు తగిలించాడు" అనడం లేదా? అక్కడ సబ్బుతో కడిగినట్టు అని కాదు కదా. లోటు లేకుండా, పూర్తిగా అని. రెండు భాషల్లోనూ మంచి గుణాన్ని చెప్పే మాట "పూర్తిగా" అనే అర్థంలోకి జారింది.

తర్కశాస్త్రంలో ఈ మాటకు కచ్చితమైన నిర్వచనం ఉంది, దానిమీద ప్రశ్నలు తరచుగా వస్తాయి. చేపలన్నీ ఎగురుతాయి, కొర్రమీను చేప, కాబట్టి కొర్రమీను ఎగురుతుంది అనే వాదన తీసుకోండి. మొదటి రెండు వాక్యాలు ఒప్పుకుంటే మూడోది తప్పించుకోలేం. అల్లిక సరిగ్గా ఉంది. దీన్ని వ్యాలిడ్ వాదన అంటారు. కాని మొదటి వాక్యమే అబద్ధం. అందువల్ల ఇది సౌండ్ వాదన కాదు. అల్లికా సరిగ్గా ఉండి, ఆధార వాక్యాలూ నిజమైనప్పుడే వాదన సౌండ్ అవుతుంది. బాగా కట్టిన ఇల్లే, వాడిన కర్రే పుచ్చుది అనుకోండి, మరిచిపోరు.

ఇక న్యాయం. 1872నాటి భారత ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చేసుకునే వ్యక్తి సౌండ్ మైండ్‌తో ఉండాలి. అంటే ఏమిటో 12వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందం చేసుకునే సమయానికి అది ఏమిటో అర్థం చేసుకుని, దానివల్ల తన మేలు కీడులు ఏమిటో వివేకంతో నిర్ణయించుకోగలిగితే ఆ వ్యక్తి సౌండ్ మైండ్‌తో ఉన్నట్టే. "ఆ సమయానికి" అనే మాట ముఖ్యమైనది. మామూలుగా మతి స్థిమితం లేని మనిషి కూడా స్థిమితంగా ఉన్న వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చునని అదే సెక్షన్ అంటుంది. వీలునామాల సంగతి 1925నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్‌లో ఉంది. మైనరు కాని, సౌండ్ మైండ్ ఉన్న ప్రతి వ్యక్తీ తన ఆస్తిని వీలునామా ద్వారా ఇవ్వవచ్చు. రాజ్యాంగం 102వ అధికరణలో దీని వ్యతిరేక పదం అన్‌సౌండ్ కనిపిస్తుంది. మతి స్థిమితం లేదని న్యాయస్థానం ప్రకటించిన వ్యక్తి పార్లమెంటు సభ్యుడిగా ఉండటానికి అనర్హుడు.

మన దస్తావేజు లేఖరులు దీన్ని "స్వస్థచిత్తంతో", "పూర్తి తెలివితో" అని రాస్తారు. ఇంగ్లీషు రాని లేఖరులు కూడా ఎంత సరైన మాట పట్టుకున్నారో చూడండి. నేను తరగతిలో విన్న "ధ్వని మనస్సు" కన్నా రిజిస్ట్రారు ఆఫీసు చెట్టుకింద కూర్చునే లేఖరి తెలుగు వెయ్యి రెట్లు మేలు.

ఈతకు పుట్టిన సౌండ్

ప్రపంచపటంలో కొన్ని సముద్రపు పాయల పేర్ల చివర సౌండ్ అని ఉంటుంది. అమెరికాలో లాంగ్ ఐలాండ్ సౌండ్, ఇంగ్లండులో ప్లిమత్ సౌండ్, న్యూజీలాండులో మిల్ఫర్డ్ సౌండ్. ఇక్కడ అలల హోరుకు ఏ ప్రమేయమూ లేదు. పాత ఇంగ్లీషులోనూ స్కాండినేవియా ప్రాచీన భాషలోనూ సున్డ్ అంటే ఈత. స్విమ్ అనే క్రియ మూలమే దీని మూలం. ఈదుకుంటూ దాటగలిగినంత నీళ్లు అనే భావంతో రెండు భూభాగాల మధ్య ఇరుకు సముద్రానికి, అంటే జలసంధికి, ఆ పేరు స్థిరపడింది. తర్వాత తీరంలోకి చొచ్చుకొచ్చిన పొడవైన పాయలను కూడా అలాగే పిలిచారు. మిల్ఫర్డ్ సౌండ్ నిజానికి హిమానీనదం తొలిచిన లోయ, భూగోళ శాస్త్ర పరిభాషలో ఫ్యోర్డ్. కాని పేరు మారలేదు.

మన వాళ్లు ఎందరో స్థిరపడిన సియాటిల్ నగరం ప్యూజెట్ సౌండ్ ఒడ్డున ఉంది. 1792లో ఆ తీరాన్ని సర్వే చేసిన కెప్టెన్ జార్జ్ వాంకూవర్ తన కింది అధికారి పీటర్ ప్యూజెట్ పేరు దానికి పెట్టాడు. అక్కడికి వెళ్లిన పిల్లల దగ్గరినుంచి ఫోటోలు వచ్చినప్పుడు "ఇదేం సౌండురా" అని అడిగే తల్లిదండ్రులు ఇకనుంచి అడగనక్కర్లేదు.

ఈ పేరున్న వాటిలో చరిత్రకెక్కింది డెన్మార్కు, స్వీడన్ల మధ్య ఉన్న ఓరెసున్డ్. ఇంగ్లీషువాళ్లు దాన్ని ఉత్త "ది సౌండ్" అనేవారు. బాల్టిక్ సముద్రంలోకి పోయే ఓడలకు అది ప్రధాన ద్వారం. బాగా ఇరుకైనచోట వెడల్పు సుమారు 4 కిలోమీటర్లు. ఆ గొంతు దగ్గర కూర్చుని డెన్మార్కు రాజులు 1429నుంచి 1857 వరకు వచ్చే పోయే ఓడల దగ్గర సుంకం వసూలు చేశారు. సుంకం కట్టే ఊరు హెల్సింగోర్. ఇంగ్లీషులో ఎల్సినోర్. పేరు విన్నట్టుందా? షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం జరిగేది అక్కడి కోటలోనే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఇదే ఈత సౌండ్‌కు ఇంకో చిన్న అర్థం ఉంది. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది, దాని సాయంతోనే చేప నీటిలో పైకీ కిందికీ తేలగలుగుతుంది. దానికి కూడా ఇంగ్లీషులో సౌండ్ అని పేరు.

లోతు చూసే సౌండ్

ఈ నాలుగో సౌండ్ దగ్గర నేనే బోల్తా పడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సముద్రయాన కథ పాఠం చెబుతున్నాను. కెప్టెన్ పాయను సౌండ్ చేశాడు అనే అర్థం వచ్చే వాక్యం వచ్చింది. నేను ధైర్యంగా "ఓడ కెప్టెన్ పాయలో బూర ఊదించాడు" అని చెప్పేశాను. వెనక బెంచీలోంచి కాకినాడ వైపు వేటకుటుంబం కుర్రాడు ఒకడు లేచి, "సార్, ఇరుకు పాయలోకి పోయేటప్పుడు బూర ఊదితే ఏం లాభం? ముందు లోతు చూస్తారు" అన్నాడు. ఆ సాయంత్రం నిఘంటువు తీసి చూస్తే వాడన్నదే నిజం. మర్నాడు తరగతిలో ఒప్పుకున్నాను. ఆ పిల్లవాడికి ఇంగ్లీషు నాకన్నా ఎక్కువ తెలిసి కాదు, నీళ్లు నాకన్నా ఎక్కువ తెలుసు.

ఈ క్రియ ఫ్రెంచి "సోందే"నుంచి వచ్చింది. తాడు చివర సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలి, అది అడుగు తాకేదాకా ఎంత తాడు దిగిందో కొలవడం. ఫ్రెంచివారికి ఆ మాట ఎక్కడిదనే దానిపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. అల అనే అర్థమున్న లాటిన్ ఉన్దానుంచి వచ్చిందని కొందరు అంటారు. పాత ఇంగ్లీషులోనే లోతు చూసే గెడకూ తాడుకూ సున్డ్‌తో మొదలయ్యే పేర్లు ఉన్నాయి కాబట్టి, మనం ఇందాక చూసిన ఈత మాటే ఫ్రెంచి నావికుల నోట పడి తిరిగి ఇంటికి వచ్చిందని మరికొందరు అంటారు. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. అది నిజమైతే నాలుగు సౌండ్లలో రెండు దూరపు చుట్టాలు అవుతాయి.

ఈ లోతును ఇంగ్లీషువాళ్లు ఫాదమ్‌లలో కొలిచేవారు. ఒక ఫాదమ్ 6 అడుగులు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చాచిన రెండు చేతులు. అంటే అచ్చంగా మన బార. మిసిసిపీ నదిమీద పడవల్లో లోతు చూసే మనిషి రెండు ఫాదమ్‌ల లోతు ఉంటే, అంటే 12 అడుగులు ఉంటే, "మార్క్ ట్వేన్" అని అరిచేవాడు. అక్కడ ట్వేన్ అంటే రెండు. ఆ నదిమీద పడవ నడిపిన శామ్యూల్ క్లెమెన్స్ ఆ కేకనే తన కలం పేరుగా పెట్టుకున్నాడు. గోదావరిలో లాంచీ ముందు నిలబడి గెడ వేసి చూసే మనిషిది కూడా ఈ పనే.

నీటి లోతు చూడటంనుంచి మనిషి లోతు చూడటం ఒక్క అడుగు. ఒకరిని సౌండ్ అవుట్ చేయడమంటే నేరుగా అడగకుండా, అటూ ఇటూ కదిపి వాళ్ల ఉద్దేశం కనుక్కోవడం. పెళ్లి సంబంధాలప్పుడు మధ్యవర్తి చేసే మొదటి పని అదే. తెలుగులోనూ "వాడి లోతు తెలియదు" అంటాం గనక ఈ అర్థం మనకు పరాయిది కాదు.

సముద్రపు లోతునుంచి ఆకాశపు ఎత్తుకు కూడా ఈ మాట పాకింది. పోటీ పరీక్షలకు చదివేవారు సౌండింగ్ రాకెట్ అనే మాట చూసే ఉంటారు. అది చప్పుడు చేసే రాకెట్ కాదు. చప్పుడు అన్ని రాకెట్లూ చేస్తాయి. పరికరాలు మోసుకుని పై వాతావరణంలోకి వెళ్లి అక్కడి స్థితిగతులు కొలిచి వచ్చే రాకెట్ అది. సీసపు గుండును కిందికి వదిలినట్టు దీన్ని పైకి వదులుతారు. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి మన దేశపు తొలి రాకెట్‌గా ఎగిరింది సౌండింగ్ రాకెట్టే. దాని పేరు నైక్ అపాచీ, అమెరికాలో తయారైంది. మన శ్రీహరికోటనుంచి మొదట ఎగిరినదీ అలాంటిదే, 1971 అక్టోబర్ 9న, రోహిణి 125. తెలుగు పుస్తకాల్లో దీన్ని "ధ్వని రాకెట్" అని రాయడం నేను చూశాను. పరిశోధక రాకెట్ అంటే సరిపోతుంది. హైదరాబాదు, విశాఖపట్నాల్లో వాతావరణ శాఖవారు బెలూనుకు కట్టి పైకి వదిలే పరికరం పేరు రేడియోసోండ్. అందులోని సోండ్ ఫ్రెంచి రూపంలోనే మిగిలిపోయింది.

నాలుగూ ఎలా కలిశాయి?

సూన్, గెసున్డ్, సున్డ్, సోందే. ఇంత తేడా ఉన్న నాలుగు రూపాలు ఒకటి కావడానికి కారణం కాకతాళీయం కాదు, క్రమబద్ధమైన ధ్వని మార్పులు. పాత ఇంగ్లీషులో న్డ్ ముందున్న హ్రస్వ ఉకారం దీర్ఘమైంది. సున్డ్ సూన్డ్ అయింది. ఆ దీర్ఘ ఊకారాన్ని ఫ్రెంచి అలవాటున్న లేఖకులు ఓ-యు అని రెండక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత 15వ శతాబ్దంనుంచి ఇంగ్లీషు దీర్ఘాచ్చులన్నీ స్థానం మారాయి. ఊ అనేది ఔ అయింది. హూస్ హౌస్ అయింది, మూస్ మౌస్ అయింది, సూన్డ్ సౌండ్ అయింది. జర్మన్‌తో పోల్చి చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. కుక్కకు జర్మన్‌లో హున్డ్, ఇంగ్లీషులో హౌండ్. నేలకు గ్రున్డ్, గ్రౌండ్. తూకానికి ప్ఫున్డ్, పౌండ్. అదే వరసలో గెసున్డ్, సౌండ్. చివర డ్ లేని ఫ్రెంచి సూన్ ఒక్కటే బయట మిగిలింది. దానికి కూడా నోరు తనంతట తాను డ్ తగిలించేసరికి నాలుగూ ఒకే గూటిలో చేరాయి.

అలా చేరినందువల్ల కవులకు లాభం కలిగింది. ఇప్పుడు హామ్లెట్ దగ్గరికి తిరిగి వద్దాం. రాజు హామ్లెట్ మనసులో ఏముందో కనిపెట్టమని అతని స్నేహితులను పంపుతాడు. మూడో అంకం మొదటి రంగంలో గిల్డెన్‌స్టెర్న్ తిరిగి వచ్చి, లోతు అందనివ్వడం లేదని సౌండ్ అనే క్రియతోనే చెబుతాడు. రెండో రంగంలో హామ్లెట్ ఒక పిల్లనగ్రోవి తెప్పించి గిల్డెన్‌స్టెర్న్ చేతికిచ్చి వాయించమంటాడు. రాదంటే, ఈ చిన్న గొట్టం వాయించడం రాదుగాని నన్ను వాయించగలననుకున్నావా అని నిలదీస్తాడు. అక్కడ వాడిన క్రియ మళ్లీ సౌండే. నాదం పలికించడం, లోతు తడవడం రెండూ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఇది మన శ్లేష. తెలుగు కావ్యాలు చదివిన విద్యార్థికి శ్లేష ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు, కాని పదానికి ఒకే అర్థం తెలిసినవాడికి ఆ సంభాషణలో కోపం వినిపిస్తుంది గాని చమత్కారం అందదు. పైగా ఇదంతా జరిగే కోట నిలబడింది సౌండ్ అనే జలసంధి ఒడ్డున.

నిఘంటువు ముందు కూర్చున్నప్పుడు

మంచి ఇంగ్లీషు నిఘంటువుల్లో సౌండ్ అనే ఆరోపం ఒక్కసారి కాదు, చాలాసార్లు కనిపిస్తుంది. ప్రతిదాని భుజం మీద చిన్న అంకె ఉంటుంది. ఆ అంకె మారిందంటే మాటే మారిందని అర్థం. ఒకే ఆరోపం లోపల 1, 2, 3 అని వేసిన అంకెలు మాత్రం ఒకే మాట కొమ్మలు. చవక నిఘంటువులూ ఫోను అనువాదాలూ ఈ తేడాను చూపకపోవచ్చు, అందుకని వీలైతే అధ్యయన కేంద్రంలోని పెద్ద నిఘంటువు ఒక్కసారి తెరిచి చూడండి. ఆ తర్వాత వాక్యంలో పక్కన ఏ మాట ఉందో చూడండి. పక్కన మైండ్, అడ్వైస్, స్లీప్, ఫైనాన్స్ ఉంటే రెండో సౌండ్. ముందు ఊరి పేరో మనిషి పేరో పెద్దక్షరంతో ఉంటే మూడోది. ఓడ, రాకెట్, లోతు కనిపిస్తే, లేదా వెనక అవుట్ ఉంటే, నాలుగోది. ఇవేవీ లేకపోతే మొదటిది అనుకుని చదవండి, చాలాసార్లు సరిపోతుంది.

మీరే చేసి చూడండి. పత్రికలో "సర్కారు మిత్రపక్షాలను సౌండ్ చేసింది" అనే అర్థంలో ఇంగ్లీషు శీర్షిక వస్తే తెలుగులో ఎలా రాస్తారు? ఒక కంపెనీ వార్షిక నివేదికలో సౌండ్ మేనేజ్‌మెంట్ అని ఉంటే? పెద్ద తిమింగలం సౌండ్ చేసింది అని ఒక నవలలో ఉంటే? ఆఖరి దానికి చిన్న సూచన ఇస్తాను. తిమింగలాలు పాడతాయన్నది నిజమే, కాని ఇక్కడ అది అరవలేదు, సీసపు గుండులా నిలువునా లోతుకు మునిగింది.

ఇంకొకటి కాస్త కష్టమైనది. చేపల వేటకు వెళ్లే మరపడవల్లో ఎకో సౌండర్ అనే పరికరం ఉంటుంది. నీటిలోకి ధ్వని తరంగాలు పంపి, అడుగునుంచి తిరిగి వచ్చే ప్రతిధ్వని ఎంతసేపటికి చేరిందో లెక్కకట్టి లోతు చెబుతుంది. అందులోని సౌండర్ మొదటి సౌండా, నాలుగో సౌండా? పరికరం పనిచేసేది ధ్వనితో, చేసే పని లోతు చూడటం. జవాబు రాసే ముందు, ధ్వని సంగతి చెప్పడానికి ఆ పేరులో ఎకో అనే మాట అప్పటికే ఉందని గమనించండి.